యొర్దాను తీరమందలి బలిపీఠము: అపార్థము, విచారణ, సమాధానము
(యెహోషువ 22:10-34)

సహోదరుని క్రియను చూచినంత మాత్రమున అతని ఉద్దేశము మనకు తెలిసినట్లు కాదు. ఒకరిని గూర్చి మరొకరు చెప్పు మాటలను నిత్యము వినుచుండు కాపరులమైన మనము ఈ వాక్యభాగమును శ్రద్ధగా పరిశీలించుట అవసరము.

1. అనుమానమునకు కారణము

యుద్ధములు ముగిసిన తరువాత రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు గిలాదుకు తిరిగి వెళ్లుచు యొర్దాను దగ్గర గొప్ప బలిపీఠమును కట్టిరి. ఆ వార్త విని తక్కిన ఇశ్రాయేలీయులు యుద్ధమునకై షిలోహులో కూడుకొనిరి.

వారు విన్నది అబద్ధము కాదు. బలిపీఠము నిజముగానే ఉన్నది. వారి భయము కూడ నిరాధారమైనది కాదు. దేవుడు ఏర్పరచిన స్థలముననే బలులు అర్పింపవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది (ద్వితీ. 12). పెయోరు విషయములో 24,000 మంది చనిపోయిరి (సంఖ్యా. 25:9). ఆకాను పాపమువలన హాయి యొద్ద 36 మంది హతులైరి (యెహో. 7:5). అయితే ఆకాను పాపమునకు వాడబడిన 'మాఅల్' (ద్రోహము) అను హెబ్రీ పదమునే వీరిమీదను మోపిరి (7:1, 22:16). విచారణకు ముందే నేరమునకు పేరు పెట్టబడినది. చూచినది వాస్తవమే, దానికి చెప్పుకొనిన అర్థము తప్పు.

2. విచారణ

అయినను సైన్యము కదలలేదు. ముందుగా ఫీనెహాసును, పదిమంది ప్రధానులను పంపిరి. ఒక పట్టణమువారు విగ్రహారాధనకు తొలగిరని వినినప్పుడు బాగుగా పరిశోధించి, విచారించి తెలిసికొనవలెనను నియమము ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది (ద్వితీ. 13:12-14). పెయోరులో ఈటె చేపట్టిన ఫీనెహాసే ఇప్పుడు వినుటకు వచ్చెను. ఆయన బృందము కఠినముగానే మాటలాడినది. అయినను తమ స్వాస్థ్యములో భాగమిచ్చుటకు సిద్ధపడి (22:19), జవాబును పూర్తిగా వినినది.

3. జవాబు

అది బలులకు కాదనియు, యొర్దాను సరిహద్దు అని చెప్పి మీ సంతానము మా సంతానమును యెహోవా ఆరాధనకు దూరము చేయకుండునట్లు సాక్షిగా కట్టితిమనియు వారు వివరించిరి. అనగా వారును అవతలివారిని శంకించిరి! ముందుగా సంప్రదించినట్లు కూడ ఈ భాగములో కనబడదు. అపార్థము ఒక వైపునుండి మాత్రమే పుట్టదని దీనివలన గ్రహింపగలము. అయినను వారు నిందకు ప్రతినింద వేయక దేవుని సాక్షిగా పిలిచి, తమ ఉద్దేశమును తెలిపిరి.

4. కాపరులకు పాఠములు

ఒక కుటుంబము బల్లలో పాలుపొందుట మానినను, ఒక యౌవనస్థుడు వేరొక ప్రార్థన కూటమునకు వెళ్లినను కారణము మనమే ఊహించి కమిటీలో మాటలాడుట సులభము. మొదట ఆ వ్యక్తి యొద్దకే వెళ్లుమని ప్రభువు బోధించెను (మత్తయి 18:15). విచారణ అనగా పాపమును కప్పుట కాదు. ఆకాను నేరము నిజమైనది. అదియు విచారణవలననే బయలుపడెను.

మరియొక సంగతి. ఫీనెహాసు తిరిగి వెళ్లి, వదంతి విన్న ప్రజలకే సత్యమును తెలియజేసెను (22:32). మనము ఏకాంతమున సమాధానపడి ఊరకుండిన యెడల, నలుగురిలో పోయిన సహోదరుని మంచి పేరు తిరిగి రాదు. ఎవరు నింద వినిరో వారే నిజమును కూడ వినవలెను.

ఆ బలిపీఠమును ఎవరును పడగొట్టలేదు. యుద్ధమునకు కారణము కాబోయిన అదే కట్టడము ఇరుపక్షములవారికి సాక్షిగా నిలిచెను.