ప్లాస్టిక్‌ను కాల్చవద్దు, వేరుచేయండి

ఉదయం పాల ప్యాకెట్ మొదలుకొని రాత్రి వేసుకునే మాత్రల షీటు వరకు, మన ఇళ్ళలో ప్లాస్టిక్ లేని పూట లేదు. వాడిన తర్వాత దానిని ఏం చేస్తున్నాం? చాలామంది పెరట్లో పోగుచేసి నిప్పు పెడతారు. కొందరు నీళ్ళ పొయ్యి అంటించడానికి కవర్లు వాడతారు. ఈ రెండూ ఆరోగ్యానికి హానికరం.

పొగలో ఏముంది?

ప్లాస్టిక్ కాలితే మాయమైపోదు, పొగ రూపంలో ఊపిరితిత్తులలోకి వస్తుంది. ముఖ్యంగా పి.వి.సి. పైపు ముక్కలు, కరెంటు వైర్ల తొడుగులు కాలినప్పుడు ఘాటైన ఆమ్ల వాయువు, డయాక్సిన్లు అనే విష పదార్థాలు వెలువడతాయి. డయాక్సిన్లు గడ్డిమీద పడి, పశువుల పాల ద్వారా మళ్ళీ మన ఇంటికే చేరగలవు. ఆయాసం ఉన్నవారికి, పసిపిల్లలకు, గర్భిణీ స్త్రీలకు ఈ పొగ మరింత ప్రమాదం.

పుట్టిన చోటే వేరుచేయాలి

ఆసుపత్రి వార్డులలో ఎర్ర సంచులను మీరు చూసే ఉంటారు. 2016 నిబంధనల ప్రకారం వాడిన సెలైన్ గొట్టాలు, యూరిన్ బ్యాగులు, సూది తీసేసిన సిరంజిలు అందులో వేస్తారు. తర్వాత వాటిలోని క్రిములను చంపి, ముక్కలు చేసి, రీసైక్లింగ్‌కు పంపుతారు. అన్నిటినీ ఒకే బుట్టలో కలిపేస్తే ఇది సాధ్యం కాదు. ఇంటికీ ఇదే సూత్రం. కూర అంటిన కవరును పాత సామాన్లు కొనేవారు ముట్టుకోరు. కడిగి ఆరబెట్టిన సీసాకు ధర ఉంటుంది.

ఇంట్లో పాటించవలసినవి

1. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఉంచండి.

2. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి పారేయకండి. ఆ చిన్న ముక్క ఏరుకోవడానికి దొరకదు. గాటు మాత్రం పెట్టి, పాలు పోశాక కడిగి ఆరబెట్టండి.

3. నీళ్ళ సీసాలు, షాంపూ డబ్బాలు, విరిగిన బకెట్లు ఒక గోనెసంచిలో దాచి అమ్మండి. చిప్స్ ప్యాకెట్లలో వేర్వేరు పొరలు అతికి ఉంటాయి కాబట్టి వాటిని రీసైకిల్ చేయడం కష్టం. అవి తక్కువగా కొనడమే మేలు.

4. పారేసిన కప్పులు, డబ్బాలలో వాన నీరు నిలిస్తే డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. వారానికి ఒకసారి తప్పక వంపేయండి.

5. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా నీళ్ళకు, నూనెకు వాడరాదు.

6. ఇన్సులిన్ సూదులను చెత్తలో వేయకండి. చెత్త ఏరే తల్లి చేతికి గుచ్చుకుంటాయి. మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి, ఆసుపత్రికి వచ్చినప్పుడు సిస్టర్‌కు అప్పగించండి.

అసలు తగ్గించడమే మేలు

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలను 2022 జూలై 1 నుండి మన దేశంలో నిషేధించారు. పెళ్ళి విందులకు, సంఘ విందులకు విస్తరాకులు, స్టీలు గ్లాసులు వాడుకుందాం. గ్లాసులు కడగడానికి నలుగురు యువకులు ముందుకొస్తే చాలు. బజారుకు బయలుదేరేటప్పుడు గుడ్డసంచి చేతిలో ఉంటే ఇంటికి వచ్చే కవర్లు తగ్గిపోతాయి.

ఈ వారం పెరట్లో మంట పెట్టకుండా, గుమ్మం వెనుక ఒక గోనెసంచి తగిలించి మొదలుపెట్టండి.