ఆరియత్: ఎరవిచ్చిన శిల్పాలకు పూచీ ఎవరు?

మా కారేపల్లిలో ఒక జుమా నమాజు తరువాత ఓ పెద్దాయన అడిగారు: "మన తెలంగాణ శిల్పాలను అమెరికా పంపారట. వాటికి పూచీ ఎవరండీ?"

ప్రశ్న ఉచితమైనదే. సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రపు తవ్వకాలలో బయటపడిన శిల్పాలను మన రాష్ట్ర వారసత్వ శాఖ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు తాత్కాలికంగా ఇచ్చింది. 2023 జూలై 21 నుండి నవంబరు 13 వరకు అక్కడ ప్రాచీన బౌద్ధకళా ప్రదర్శన జరిగింది.

ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడాన్ని షరీఅత్ పరిభాషలో 'ఆరియత్' అంటారు. ఇది ఖర్జ్ కాదు. బదులు తెచ్చిన బియ్యం వండుకొని అన్ని బియ్యమే తిరిగిస్తే ఖర్జ్ తీరుతుంది. ఆరియత్‌లో తీసుకున్న ఆ వస్తువునే తిరిగి అప్పగించాలి. యాజమాన్యం ఒక్క క్షణం కూడా చేతులు మారదు.

హిజ్రీ 8లో హునైన్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద కవచాలు ఎరవు తీసుకున్నారు. బలవంతంగా లాక్కుంటున్నారా అని సఫ్వాన్ అనుమానించగా, పూచీతో తిరిగి ఇచ్చే ఎరవేనని ఆయన స్పష్టం చేశారు. కొన్ని కవచాలు పోయినప్పుడు పరిహారం ఇస్తామన్నారని కూడా ఉల్లేఖనం ఉంది. కవచాలు ఇచ్చేనాటికి సఫ్వాన్ ముస్లిం కాడు! బౌద్ధశిల్పాల సంగతి మనకెందుకు అనేవారు ఈ ఒక్క విషయం ఆలోచించాలి.

అజాగ్రత్త లేకుండా వస్తువు చెడితే? ఇక్కడ ఇమాములలో భేదాభిప్రాయం ఉంది. హనఫీల దృష్టిలో అది అమానత్. తీసుకున్నవాని తప్పు లేనిదే పరిహారం లేదు. షాఫయీ, హంబలీ పండితులు మాత్రం పూచీ తప్పదన్నారు. నేటి మ్యూజియంల పద్ధతి ఈ రెండవ అభిప్రాయానికే దగ్గర. వస్తువు స్థానం నుండి కదిలింది మొదలు తిరిగి అక్కడ చేరేవరకు భీమా ఉంటుంది. విదేశీ ప్రదర్శన వస్తువులకు ప్రభుత్వమే హామీ ఇచ్చే చట్టం అమెరికాలో 1975లో వచ్చింది. అనుమతి పొందిన వస్తువులను అక్కడి కోర్టులు జప్తు చేయకుండా 1965 నాటి చట్టం కాపాడుతుంది. మన 1972 పురావస్తు చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ పురావస్తువును దేశం దాటించరాదు.

ఇన్ని చట్టాలున్నా, నా దృష్టిలో అసలు రక్షణ ఒక చిన్న కాగితం. పెట్టెలో సర్దేముందు, అక్కడ పెట్టె విప్పినప్పుడు, తిరుగు ప్రయాణంలో మళ్ళీ, ప్రతి గీతను, పెచ్చును పరీక్షించి ఫొటోలతో సహా నమోదు చేస్తారు. పగులు పాతదా కొత్తదా అన్న తగాదా వస్తే సాక్ష్యం చెప్పేది ఆ కాగితమే.