చక్కెర నీళ్లలో కొవ్వు సంచులు

అమ్మ మాగాయ పెట్టేటప్పుడు ఎప్పుడైనా పక్కన కూర్చున్నారా? మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడుతుంది. మూడోనాడు మూత తీస్తే ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఎవరూ చుక్క నీరు పోయలేదు. ఆ నీరంతా ముక్కల్లోని కణాల నుంచి వచ్చిందే. దీనినే ద్రవాభిసరణం అంటారని మీరు చదువుకున్నారు. ఉప్పుకు బదులు పంచదార వేసినా ముక్కల్లోంచి నీరు ఊరుతుంది.

ఆ నీరు కణం చుట్టూ ఉన్న ఒక పలుచని పొరను దాటి వస్తుంది. ఆ పొర మందం 4, 5 నానోమీటర్లు మాత్రమే. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు! పొరలో ముఖ్య పదార్థం లిపిడ్, అంటే కొవ్వు జాతికి చెందినది. లిపిడ్ అణువుకు ఒక తల, రెండు తోకలు ఉన్నాయనుకోండి. తలకు నీరంటే ఇష్టం, తోకలకు గిట్టదు. అందుచేత నీటిలో ఈ అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపల దాచుకొని నిలుస్తాయి. అంచుల వద్ద తోకలు నీటికి తగలకూడదు గదా! అందుకే పొర తనంతట తానే చుట్టుకొని, చిన్న సంచిగా మూసుకుంటుంది. 1960 దశకం మొదట్లో ఇంగ్లండులో అలెక్ బాంగ్‌హామ్ ఇలాంటి సంచులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశాడు. వీటికి లైపోసోమ్‌లని పేరు వచ్చింది.

మన నరాల చివర ఇటువంటి సంచులే పొరకు అంటుకొని, తమలోని రసాయనాలను బయటికి వదులుతాయి. కణంలో ప్రోటీన్లు ఈ పనికి సాయపడతాయి. ప్రోటీన్లు లేకపోతే సంచి పొరకు అంటుకుంటుందా?

మా తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. రెండు బెలూన్లు తీసుకోండి. ఒకదానిలో బిగువుగా నీరు నింపండి, రెండోదానిలో సగమే పోసి గాలి లేకుండా ముడి వేయండి. రెండింటినీ బల్లమీద పెట్టండి. బిగువైనది బల్లను కొద్ది మేర తాకుతుంది. వదులుగా ఉన్నది చదునై ఎక్కువ మేర ఆనుతుంది. (ఒకసారి బిగువు బెలూన్ పగిలి నా హాజరుపట్టీ తడిసింది. దూరంగా పెట్టుకోండి!)

లిపిడ్ సంచి సంగతీ ఇంతే. దాని బిగువును మార్చే సాధనమే చక్కెర. పొర గుండా నీరు సులభంగా పోతుంది, చక్కెర పోలేదు. బయట చక్కెర గాఢత పెంచితే లోపలి నీరు బయటికి వచ్చి సంచి వదులవుతుంది. వదులైన సంచి కింది పొరమీద పరచుకొని అంటుకోగలదు. అయితే అంటుకునే బలం మరీ ఎక్కువైతే పొర లాగబడి బిగుస్తుంది. లిపిడ్ పొర వైశాల్యం నూటికి నాలుగైదు వంతులకు మించి సాగలేదు. ఆపైన చిరిగి, పెనంమీద అట్టులా పరచుకుపోతుంది.

అంటించే బలం ఏది? పదార్థాలన్నిటి మధ్యా ఉండే వాన్‌డర్‌వాల్స్ ఆకర్షణ. విడదీసే బలాలు కూడా ఉన్నాయి. తలలను పట్టుకొని ఉన్న నీటి అణువులు అంత తేలికగా చోటు వదలవు. అదీగాక వెచ్చదనంవల్ల పొర ఎప్పుడూ గాలిలో గుడ్డలా అల్లాడుతూ ఉంటుంది. మరో పొర దగ్గరకు వస్తే అల్లాడటానికి చోటు చాలదు, కాబట్టి దానిని నెడుతుంది. ఈ వికర్షణను 1978లో హెల్‌ఫ్రిష్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు లెక్క కట్టాడు. వదులు సంచి ఎక్కువ అల్లాడుతుంది. అంటే వదులుతనం అంటుకోవడానికి సాయమూ చేస్తుంది, అడ్డమూ వస్తుంది! చిక్కు ఇక్కడే ఉంది.

ప్రయోగశాలలో మరో కిటుకు ఉంది. సంచి లోపల సుక్రోజు, బయట అంతే గాఢతగల గ్లూకోజు ఉంచుతారు. అణువుల సంఖ్య సమానం కాబట్టి నీరు ఎటూ పోదు. కాని సుక్రోజు అణుభారం 342, గ్లూకోజుది 180. లీటరుకు 0.2 మోల్ చొప్పున కలిపితే సుక్రోజు ద్రావణం సుమారు 12 గ్రాములు ఎక్కువ తూగుతుంది. అందువల్ల సంచి మునిగి, గురుత్వాకర్షణతో కింది పొరమీద ఆనుతుంది. ఇది పెద్ద సంచులకే. వ్యాసం 20 మైక్రోమీటర్ల నుంచి 0.1కి తగ్గితే, అంటే 200 రెట్లు తగ్గితే, బరువు ఎన్ని రెట్లు తగ్గుతుందో మీరే లెక్కవేయండి. 80 లక్షల రెట్లు! అంత చిన్న సంచికి గురుత్వాకర్షణ లెక్కలోనిది కాదు. ఉప్పు వాడరేమని అడగవచ్చు. ఉప్పు అయానులుగా విడిపోయి పొరల మధ్య విద్యుత్ బలాలను మారుస్తుంది. చక్కెరకు ఆవేశం లేదు.

నీరు పూర్తిగా ఆరిపోతే? తలల మధ్య అడ్డు తొలగి, సంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చక్కెర ఉంటే అది నీటి స్థానంలో తలలను పట్టుకొని, సంచుల మధ్య గాజులా గడ్డకడుతుంది. ట్రెహలోజ్ అనే చక్కెర ఎండిన జీవుల పొరలను ఇలా కాపాడుతుందని కాలిఫోర్నియాలో జాన్ క్రో, లోయిస్ క్రో 1980 దశకంలో చూపారు. ఎండు ఈస్టు నీరు తగలగానే లేచి కూర్చోవడానికి ట్రెహలోజ్ ఒక కారణం.

2021లో బ్లాక్ ఫంగస్ జబ్బు మన ఊళ్లలోనూ ఎందరినో పీడించింది. మధుమేహ రోగులు ఎక్కువగా దాని బారిన పడ్డారు. దాని మందు యాంఫోటెరిసిన్-బి మూత్రపిండాలకు హాని చేస్తుంది. లిపిడ్ సంచులలో పొదిగి ఇస్తే ఆ హాని తగ్గుతుంది. ఆ రూపంలోని మందు చాలక, బంధువులు సీసాల కోసం ఊరూరా తిరిగారు. అటువంటి ఒక రకం సీసాలో మందు ఎండు పొడిగా ఉంటుంది. అందులో మందు 50 మిల్లీగ్రాములు, సంచులు చెడకుండా కాపాడే సుక్రోజు 900 మిల్లీగ్రాములు.