ఊపిరి పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు?

మన బ్యాంకు ఉద్యోగుల టేబుల్ సొరుగులో స్టాంప్ ప్యాడ్ ఉన్నా లేకపోయినా గ్యాస్ మాత్రలు మాత్రం తప్పక ఉంటాయి. నేనూ మినహాయింపు కాదు. రెండేళ్లపాటు రోజూ పరగడుపున పాంటోప్రజోల్ వేసుకున్నాను. అయినా కడుపునొప్పి తగ్గకపోవడంతో డాక్టరుగారు ఊపిరి పరీక్ష రాశారు. నెగెటివ్ అని వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. నాలుగు నెలలకే నొప్పి ఎక్కువైంది. ఈసారి చూసిన డాక్టరుగారి మొదటి ప్రశ్న: "పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఈ మాత్ర ఆపారు?" నేను ఆపనే లేదు. ఆపాలని ఎవరూ చెప్పలేదు.

కడుపులో పుండ్లకు ముఖ్య కారణాల్లో ఒకటి హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని గుర్తించి 2005లో నోబెల్ బహుమతి పొందారు. చికిత్స లేకుండా వదిలేస్తే కొందరిలో పుండు నుంచి రక్తస్రావం కావచ్చు. కడుపు క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

ఈ బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. అది యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. పరీక్షలో మనకు గుర్తు వేసిన కార్బన్ ఉన్న యూరియా ఇస్తారు. సుమారు అరగంట తర్వాత సంచిలోకి ఊదిస్తారు. ఆ గుర్తున్న కార్బన్ ఊపిరిలో తగిన మోతాదులో కనిపిస్తే లోపల బ్యాక్టీరియా ఉన్నట్టే. కార్బన్-13లో రేడియోధార్మికత ఉండదు. కార్బన్-14లో చాలా స్వల్పంగా ఉంటుంది కాబట్టి గర్భిణులకు, పిల్లలకు కార్బన్-13 వాడతారు.

మరి కచ్చితత్వం మాటేమిటి? మన నోట్ల యంత్రాన్ని తలచుకోండి. అది రెండు రకాలుగా పొరబడవచ్చు: దొంగనోటును వదిలేయడం, మంచినోటును ఆపేయడం. ఊపిరి పరీక్షా అంతే. సరిగ్గా చేస్తే రెండు వైపులా సుమారు 95 శాతం కచ్చితం. అంటే ఇన్ఫెక్షన్ ఉన్న నూరుగురిలో సుమారు 95 మందిని పట్టుకుంటుంది. లేని నూరుగురిలో అంతే మందికి లేదనే చెబుతుంది. రక్త పరీక్షలో కనిపించే యాంటీబాడీలు పాత ఇన్ఫెక్షన్‌వి కూడా కావచ్చు. ఊపిరి పరీక్ష ఇప్పుడున్న దాన్నే చూపుతుంది.

అయితే "సరిగ్గా చేస్తే" అన్న మాటే కీలకం. పాంటోప్రజోల్, ఒమిప్రజోల్ వంటి మాత్రలు బ్యాక్టీరియాను పూర్తిగా చంపవు, అణచి ఉంచుతాయి. అది ఉన్నా ఊపిరిలో కనబడకపోవచ్చు. అందుకే ఈ జాగ్రత్తలు:

• ఆ మాత్రలు కనీసం 2 వారాల ముందు ఆపాలి.
• యాంటీబయాటిక్స్, బిస్మత్ మందులు ఆపి 4 వారాలు గడవాలి.
• కొన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి.
• చికిత్స ముగిశాక కనీసం 4 వారాలు ఆగి, తగ్గిందో లేదో మళ్లీ పరీక్షించుకోవాలి.

ఆస్పిరిన్ వంటివి వాడేవారు మాత్రలను సొంతంగా ఆపకండి. డాక్టరును అడిగే ఆపాలి. నల్లటి మలం, రక్తపు వాంతి, అకారణంగా బరువు తగ్గడం వంటివి ఉంటే ఊపిరి పరీక్షతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరును కలవాలి. ఎండోస్కోపీ అవసరం కావచ్చు.

రెండు వారాలు మాత్ర మానేసి మళ్లీ ఊదాను. పాజిటివ్. 14 రోజుల కోర్సు పూర్తిచేశాను. గడువు ఆగి చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ వచ్చింది. ఈసారి ఆ మాటను నమ్మాను.

మీ ఇంట్లో ఎవరి రిపోర్టయినా చేతికొస్తే ఫలితంతోపాటు ఇంకొకటి కూడా అడగండి: "పరీక్షకు ముందు ఏ మాత్రలు వేసుకున్నారు?"