వారం రోజులు.. ఏడు ఊళ్లు.. ఒక్కొక్కరికీ రూ.11 వేలలోపే! హైటెక్ సిటీ నుంచి రాయలసీమ రోడ్ ట్రిప్ ఇలా ప్లాన్ చేసుకోండి

ఫోన్ తెరిస్తే చాలు.. ఐర్లండ్ పల్లె దారుల వీడియోలు. పచ్చటి కొండలు, ఇరుకు రోడ్లు, రాతి గోడలు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో లంచ్ బ్రేక్ ముచ్చట్లలో ఆ రీల్స్ తిరుగుతూనే ఉంటాయి. అక్కడా మనలాగే ఎడమవైపే బండి నడపాలి. ఆ మాట విని చాలామంది హుషారు పడతారు కానీ, భారత పాస్‌పోర్ట్‌కు వీసా తప్పనిసరి. పైగా ఐర్లండ్ షెంగెన్‌లో లేదు, యూరప్ టూర్ కోసం తీసుకున్న షెంగెన్ వీసా అక్కడ పనికిరాదు. ఆ తర్వాత విమానం టికెట్లు, యూరోల్లో కారు అద్దె.. లెక్క లక్షలు దాటిపోతుంది.

మరి అదే వారం రోజుల సెలవుతో, సొంత కారులో, ఇక్కడి నుంచే ఎక్కడికి వెళ్లొచ్చు? చాలామంది గోవా, కూర్గ్ అంటారు. కానీ నల్లమల అడవి దాటి నంద్యాల, గండికోట, లేపాక్షి మీదుగా తిరిగొచ్చే దారి ఒకటుంది. మొత్తం దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు. అడవి, గుహ, లోయ, కోట, గుడి.. అన్నీ ఒకే చుట్టులో వస్తాయి.

ముందు కారు సంగతి తేల్చుకోండి

సొంత కారు ఉంటే సమస్య లేదు. లేనివాళ్లు అద్దెకు తీసుకుంటారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తున్నారు. ఐటీ కారిడార్‌లో వాట్సాప్ గ్రూపుల్లో తెలిసినవాళ్ల కార్లు రోజుకింత అని తక్కువ రేటుకు దొరుకుతుంటాయి. వాటి నంబర్ ప్లేట్ చూడండి. తెల్ల ప్లేట్ మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టర్ అయిన కారు. దాన్ని అద్దెకివ్వడం చట్టప్రకారం కుదరదు. సెల్ఫ్ డ్రైవ్ అద్దె కార్లకు నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటాయి.

తేడా ప్లేట్‌తోనే ఆగదు. తెల్ల ప్లేట్ కారును డబ్బులిచ్చి తీసుకున్నారని తేలితే, యాక్సిడెంట్ జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. ఎదుటివాళ్లకు గాయాలైతే ఆ పరిహారం ఎవరి నెత్తిన పడుతుందో ఊహించుకోవచ్చు. రోజుకు వెయ్యి మిగిలిందని సంబరపడితే కోర్టు చుట్టూ తిరగాల్సి రావచ్చు. చెక్‌పోస్టులో పట్టుబడితే బండి సీజ్ అయ్యే రిస్క్ వేరే. నల్ల ప్లేట్ కారైనా సరే, ఆంధ్రప్రదేశ్ బోర్డర్ దాటడానికి పర్మిట్ ఉందా, రోజుకు ఎన్ని కిలోమీటర్ల లిమిట్ అనే రెండు విషయాలు బుకింగ్‌కు ముందే అడగండి. లిమిట్ దాటితే కిలోమీటర్‌కు ఇంత అని పడే బిల్లు మొత్తం బడ్జెట్‌నే తిప్పేస్తుంది.

శనివారం కాదు.. ఆదివారం బయల్దేరండి

సెలవు దొరకగానే అందరూ శుక్రవారం రాత్రో, శనివారం తెల్లారో బయల్దేరతారు. అందుకే వీకెండ్‌లో శ్రీశైలం డ్యామ్ దగ్గర ట్రాఫిక్ జామ్. గండికోటలో గదుల రేట్లు పెరిగేదీ అప్పుడే, ఎందుకంటే బెంగళూరు జనం కూడా అక్కడికే వస్తారు. ఆదివారం తెల్లవారుజామున బయల్దేరితే జనం వెనక్కి వస్తుంటే మీరు ఎదురు వెళ్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు లీవ్ పెడితే చాలు. శనివారం ఇంటికి చేరి, ఆదివారం మొత్తం నిద్రపోవచ్చు. కార్తీక మాసం, శివరాత్రి, ఉగాది రోజుల్లో మాత్రం ఈ లెక్క పనిచేయదు. శ్రీశైలం అప్పుడు కిటకిటలాడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య అయితే బెస్ట్. ఏప్రిల్, మే నెలల్లో సీమ ఎండలకు 40 డిగ్రీలు మామూలే, ఆ రాళ్ల మీద నిలబడలేరు.

మొదటి రోజు: నల్లమలలో టైమ్ చాలా ముఖ్యం

గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కి తుక్కుగూడ దగ్గర దిగితే శ్రీశైలం హైవే. కడ్తాల్, ఆమనగల్, డిండి దాటాక మన్ననూర్ చెక్‌పోస్ట్ వస్తుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను లోపలికి వదలరు. డ్యామ్ దాటాక దోర్నాల వైపు ఘాట్‌లోనూ ఇదే రూల్. "లేట్‌గా బయల్దేరి రాత్రికి చేరుకుందాం" అనుకునేవాళ్లు గేటు దగ్గరే కారులో పడుకోవాల్సి వస్తుంది.

అడవిలో సిగ్నల్ అంతంత మాత్రమే, కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ప్లాస్టిక్ బాటిళ్లు వద్దు, స్టీలు సీసాలో నీళ్లు పెట్టుకోండి. రోడ్డు పక్కన కోతులకు బిస్కెట్లు వేయడం చాలామందికి సరదా, కానీ అవి రోడ్డెక్కి బండ్ల కింద పడుతున్నాయి. పెట్రోల్ కూడా అడవిలోకి వెళ్లకముందే నింపుకోండి. ఏపీ కంటే తెలంగాణలో రేటు కాస్త తక్కువ.

నంద్యాల, యాగంటి, బెలుం

రెండో రోజు శ్రీశైలం నుంచి దోర్నాల, ఆత్మకూరు మీదుగా నంద్యాల. సాయంత్రం మహానంది వెళ్లి రావచ్చు. అంతకుమించి ఆ రోజు ఏమీ పెట్టుకోకండి. ఘాట్ రోడ్డు నడిపిన అలసట తెలీకుండానే ఉంటుంది.

మూడో రోజే అసలు మజా. ఉదయం ఉగ్గాని, బజ్జీ తిని బనగానపల్లె మీదుగా యాగంటి. అక్కడి నంది ఏటేటా పెరుగుతోందని భక్తుల నమ్మకం. తర్వాత కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు. ఇప్పటివరకు కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. 1982-83లో జర్మన్ బృందం లోపలికి వెళ్లి సర్వే చేసింది. పర్యాటకులకు తెరిచింది 2002లో. పాతాళగంగ అనే చోటు వరకు దిగొచ్చు. లోపల చల్లగా ఉంటుందనుకుని స్వెటర్ తెచ్చుకునేవాళ్లుంటారు, నిజానికి చెమటలు పడతాయి. సాయంత్రానికి మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నానికల్లా చేరుకోవాలి.

ఈ దారిలో ఒకటి గమనించండి. కొలిమిగుండ్ల, తాడిపత్రి ప్రాంతమంతా నాపరాళ్ల గనులు. ఇళ్ల గోడలు, చేను గట్లు, పశువుల కొట్టాలు అన్నీ ఆ బండలతోనే. రీల్స్‌లో ఐర్లండ్ రాతి గోడలు చూసి ముచ్చటపడేవాళ్లు ఇక్కడ కారు ఆపి చూడకుండా వెళ్లిపోవడమే విచిత్రం. ఆపేటప్పుడు మాత్రం జాగ్రత్త, బండలు, సిమెంట్ లోడుతో లారీలు వరసగా వస్తుంటాయి. చీకటి పడ్డాక ఈ రోడ్లలో ఓవర్‌టేక్ ఆలోచనే వద్దు.

గండికోటలో రెండు రాత్రులు

చాలామంది ఇక్కడికి సాయంత్రం వచ్చి పొద్దున్నే వెళ్లిపోతారు. ఈ ప్లాన్‌లో మాత్రం రెండు రాత్రులు. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ వెళ్లిన లోయ సూర్యోదయానికి ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుంది. కోటలో మాధవరాయ ఆలయం, రఘునాథ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం.. తీరిగ్గా తిరగడానికే సగం రోజు పడుతుంది. లోయ అంచున అన్నిచోట్లా రెయిలింగ్ ఉండదు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేయకండి. టూరిజం వారి హరిత హోటల్ ఉంది. అక్కడ గది దొరక్కపోతే 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో లాడ్జి తీసుకుంటే ఖర్చు కూడా తగ్గుతుంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు ఇక్కడ తినాల్సిందే.

లేపాక్షి, ఆ తర్వాత తిరుగు ప్రయాణం

ఐదో రోజు లాంగ్ డ్రైవ్, దాదాపు 240 కిలోమీటర్లు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వర, చింతల వెంకటరమణ ఆలయాల శిల్పాలు చూసి అనంతపురం మీదుగా లేపాక్షి. 16వ శతాబ్దపు వీరభద్రాలయం, పైకప్పు మీద రంగుల చిత్రాలు, వేలాడే స్తంభం, ఊరి మొదట్లో ఒకే రాతి నంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. బస హిందూపురంలో. కర్ణాటక బోర్డర్ పక్కనే, అటు పెట్రోల్ చౌక. ట్యాంక్ నింపుకోవాలంటే ఇక్కడే.

ఆరో రోజు ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు. ఓపిక ఉంటే దారిలో గుత్తి కోట ఎక్కండి. ఏడో రోజు అలంపూర్ జోగులాంబ, చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన సంగమేశ్వరాలయం కూడా అక్కడే ఉంది. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే చీకటి పడేలోపు శంషాబాద్ దగ్గర ఔటర్.

ఖర్చు ఎంత?

నలుగురు, సొంత కారు అనుకుందాం. లీటర్‌కు 15 కిలోమీటర్ల మైలేజీ, లీటర్ రూ.110 అని లెక్కేస్తే పెట్రోల్‌కు రూ.10,300. రోజుకు రూ.1,500 చొప్పున రెండు గదులు, ఆరు రాత్రులకు రూ.18,000. మనిషికి రోజుకు రూ.400 చొప్పున తిండికి రూ.11,200. టోల్, పార్కింగ్, టికెట్లకు రూ.3,000 పక్కన పెట్టండి. మొత్తం రూ.42,500. తలా రూ.10,600 పైచిలుకు. ఇద్దరే వెళ్తే గది, తిండి సగమవుతాయి కానీ పెట్రోల్, టోల్ తగ్గవు, తలా రూ.14 వేల దాకా పడుతుంది. రోజుకు రూ.3,000 అద్దె కారైతే నలుగురికి తలా దాదాపు రూ.16 వేలు.

ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ చూసుకోండి. ట్యాగ్ పనిచేయకపోతే యూపీఐతో ఒకటింబావు వంతు కట్టాలి. 2025 ఆగస్టు 15న మొదలైన వార్షిక పాస్ సొంత కార్లకే వర్తిస్తుంది, అద్దె కార్లకు లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా అది పనిచేయదు.

ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో పెట్టుకోండి. జాతీయ రహదారిపై బండి ఆగిపోతే 1033, ఇతర ఎమర్జెన్సీకి 112.