గణకయంత్రముల కాలగణనము

రేడియోలో మేము సమయము ప్రకటించినపుడు శ్రోతలు తమ గడియారములను సరిచూచుకొందురు. యూనిక్సు సంప్రదాయపు కంప్యూటర్లు మాత్రము గంటలను, తేదీలను దాచుకొనవు. గ్రీనిచ్ కాలమానమున 1970 జనవరి 1వ తేదీ తొలి క్షణము మొదలుకొని గడచిన సెకనులను ఎంచుచుండును. తేదీ యడిగినచో ఆ మొత్తము నుండియే లెక్కగట్టి చెప్పును.

చిక్కంతయు ఆ మొత్తమును వ్రాసికొను గడిలో నున్నది. పాత పద్ధతిలో దానికి 32 బిట్లే కేటాయించిరి. ధన ఋణ చిహ్నమునకు ఒకటి పోగా, తక్కినవానిలో పట్టు మిక్కిలి పెద్ద సంఖ్య 214,74,83,647. మన దేశకాలమున 2038 జనవరి 19, మంగళవారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకనులకు ఆ గడి నిండును. మరుసటి సెకనున సంఖ్య ఋణమై, యంత్రము 1901 డిసెంబరులోనికి పోవును.

గడిని 64 బిట్లకు పెంచిన చాలదా? మేమును మొదట అట్లే తలచితిమి. కాని ప్రోగ్రాములు సమయమును ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెవంటి కెర్నెల్‌ను అడిగి తెలిసికొనును. జవాబునకై నాలుగు బైట్ల చోటు మాత్రమే విడిచియుంచును. కెర్నెల్ ఎనిమిది బైట్లు వ్రాసినచో ప్రక్క లెక్క చెరిగిపోవును. జమాఖర్చుల పుస్తకమున ఇరుకు గడిలో పెద్ద అంకె వేయబోయి, పాలవాని పద్దును పాడుచేసినట్లు. పైగా ఎన్నియో పాత ప్రోగ్రాములకు మూలప్రతి దొరకదు; వ్రాసినవారును దొరకరు.

ఓపెన్ బీఎస్‌డీ వారు 2014లో 5.5వ కూర్పుతో గడినే మార్చివైచి, ప్రోగ్రాములన్నిటిని తిరిగి కంపైలు చేసికొనుడనిరి. పాత ప్రోగ్రాములను చెడగొట్టరాదను నియమము గల లినక్సు వారికి ఆ వెసులుబాటు లేదు. ప్రోగ్రాము కెర్నెల్‌ను పిలుచు ప్రతి పిలుపునకును ఒక సంఖ్య యుండును. వారు పాత పిలుపులను అట్లే యుంచి, వాని ప్రక్కన వెడల్పు గడి గల క్రొత్తవానిని చేర్చిరి. సమయమడుగు క్రొత్త పిలుపు సంఖ్య 403. ఇవి 2019 మే నెలలో వచ్చిన 5.1వ కూర్పున చేరినవి. ప్రోగ్రాములకును కెర్నెల్‌కును నడుమ నిలుచు గ్లిబ్‌సీ లైబ్రరీ 2021 ఆగస్టున గాని వీనిని అందుకొనలేదు. ఈ మార్గము కష్టతరమైనను, వాడువారి యెడ దయగలదని మా తలంపు.

క్రొత్త పిలుపు సిద్ధమైనంతనే పాత ప్రోగ్రాము దానిని వాడదు; తిరిగి కంపైలు చేసి యెక్కింపవలెను. నేటి ఇంటి కంప్యూటర్లు చాలవరకు 64 బిట్లవే గనుక వానికి భయము తక్కువ. కర్మాగారములలో గోడకు బిగించి మరచిన 32 బిట్ల యంత్రముల సంగతి వేరు. అట్టిది మీ యధీనమున నున్నచో, అమ్మినవారిని ఇప్పుడే అడుగుడు: ఇందలి ప్రోగ్రాములు వాడునది పాత పిలుపా, క్రొత్త పిలుపా?