బ్రౌజరు, యాపు, జూదచక్రము

ఒకే బావినుండి నీరు తెచ్చుటకు రెండు మార్గములుండవచ్చును. చేదతో తోడవచ్చును, మోటారు పెట్టి కుళాయి త్రిప్పవచ్చును. నీటి రుచి రెండింటను ఒక్కటియే. కాని కుళాయి యున్న ఇంట నీరు ఎక్కువ ఖర్చగును. చేతిఫోనులో డబ్బు పెట్టి ఆడెడు జూదశాల ఆటలలో బ్రౌజరునకును, యాపునకును గల భేదము ఇట్టిదే.

బ్రిటనులో లైసెన్సు పొందిన సంస్థలు ఇంటర్నెట్టు ద్వారా ఇట్టి ఆటలను నడపుట చట్టసమ్మతము. 2005వ సంవత్సరపు చట్టము క్రింద ఏర్పడిన గ్యాంబ్లింగ్ కమిషను వానిని నియంత్రించుచున్నది. అచటి ఆటగాండ్రు తరచుగా వేయు ప్రశ్న ఒకటి కలదు: బ్రౌజరు మేలా, యాపు మేలా? ప్రశ్న చిన్నదైనను, దాని జవాబులో యంత్రవిజ్ఞానమును, గణితమును రెండును ఇమిడియున్నవి.

రెండు మార్గములు

బ్రౌజరు అనగా దూరముననున్న సర్వరు నుండి పుటలను తెచ్చి తెరపై చూపు సాధనము. పూర్వము బ్రౌజరులో బొమ్మలు కదలవలెనన్న ఫ్లాష్ వంటి అదనపు సాధనములు కావలసియుండెను. 2014లో ప్రమాణముగా స్థిరపడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 వలన ఆ అవసరము తీరినది. 2020 చివర ఫ్లాష్ పూర్తిగా నిలిచిపోయినది. నేడు ఆట యొక్క బొమ్మ, ధ్వని, చలనము అన్నియు బ్రౌజరులోనే నడచును.

యాపు అనగా ఫోనులో స్థాపించుకొను ప్రత్యేక ప్రోగ్రాము. ఆపిల్ సంస్థ యాపుల అంగడి 2008 జూలైలో తెరువబడినది. యాపు తన బొమ్మలను, ధ్వనులను ముందుగనే ఫోనులో దాచుకొనును. కావున త్వరగా తెరచుకొనును. దానికి ప్రతిగా ఫోనులో చోటు ఆక్రమించును. అప్పుడప్పుడు క్రొత్త రూపమును దింపుకొనవలసి వచ్చును. కొన్ని యాపులు లోపల బ్రౌజరు పుటనే చూపుచు, పైన తొడుగు మాత్రము వేసికొనియుండును.

చక్రము తిరుగునది ఎచట?

రూలెట్ ఆటలో తెరపై చక్రము తిరుగును, బంతి ఒక గడిలో పడును. చూచువానికి ఫలితము ఫోనులోనే తేలినట్లు తోచును. కాని డబ్బు పెట్టి ఆడు ఆటలో సాధారణముగా ఫలితమును నిర్ణయించునది సర్వరు. అచటి ప్రోగ్రామొకటి ఏ క్రమమునకును లోబడని విధముగా ఒక సంఖ్యను పుట్టించును. ఆ సంఖ్య ఫోనునకు చేరిన పిమ్మట బంతి ఆ గడిలో పడుచున్నట్లు బొమ్మ గీయబడును. కావున యాపులో అదృష్టము హెచ్చనియు, బ్రౌజరులో తగ్గుననియు తలచుట భ్రమ. సంఖ్య పుట్టుచోటు రెండింటికిని ఒక్కటియే.

లెక్క ఎట్లుండును?

యూరపు రూలెట్ చక్రములో 0 నుండి 36 వరకు 37 గడులుండును. ఒక సంఖ్యపై ఒక పౌను పెట్టినవాడు గెలిచినచో, తన పౌను గాక మఱి 35 పౌనులు పొందును. సగటున 37 పందెములలో ఒకటి గెలుచును. అనగా 37 పౌనులు పెట్టినవానికి 36 తిరిగివచ్చును. ఒకటి జూదశాలకు మిగులును. ఇది నూటికి 2.70 వంతు. అమెరికా చక్రములో జంట సున్న అను మఱియొక గడి యుండుటచే ఈ వంతు 5.26 అగును.

సగటు నష్టమును తెలిసికొనుటకు పందెపు సొమ్మును, పందెముల సంఖ్యను, జూదశాల వంతును గుణించిన చాలును. బల్లచుట్టు కూర్చుండి గంటకు 40 పందెములు ఆడువానికి, పందెమునకు ఒక పౌను చొప్పున, సగటు నష్టము 1.08 పౌను. ఫోనులో 12 సెకండులకొక పందెము చొప్పున ఆడువానికి గంటలో 300 పందెములగును, నష్టము 8.11 పౌనులు. చక్రము మారలేదు, వేగము మాత్రమే మారినది.

స్లాటు ఆటలలో ఈ సంగతి మఱింత స్పష్టము. బ్రిటనులో 2021 అక్టోబరు 31 నుండి ఆన్‌లైను స్లాటు ఆటలో ఒక త్రిప్పునకు కనీసము 2.5 సెకండులు పట్టవలెనని నియమము. ఆ కనీసముతో ఆడినను గంటకు 1,440 త్రిప్పులు. నూటికి 96 తిరిగియిచ్చు ఆటలో త్రిప్పునకు ఒక పౌను పెట్టినచో గంటకు సగటు నష్టము 57.60 పౌనులు.

ఇవి సగటులు. ఒక గంటలో ఒకడు లాభపడవచ్చును. కాని పందెములు పెరిగినకొలది ఫలితము సగటునకు దగ్గరపడును. యాకోబ్ బెర్నౌలీ గ్రంథము ద్వారా 1713లో వెలువడిన మహాసంఖ్యా నియమము తెలుపునది ఇదియే.

గడప ఎత్తు

ఇప్పుడు అసలు భేదము తెలియును. యాపు చిహ్నము ఎల్లప్పుడు కంటియెదుట నుండును. వ్రేలిముద్రతో తెరచుకొనును. ఆడక ఊరకున్నవానికి సందేశము పంపి పిలుచును. బ్రౌజరులోనైన చిరునామా వ్రాయవలెను, సంకేతపదమీయవలెను. ఈ ఆలస్యము అసౌకర్యముగా తోచినను, మనసు మార్చుకొనుటకు అదియే వ్యవధి. ఐతే సంకేతపదమును దాచుకొనుట, సందేశములనుమతించుట అను అలవాటులు చేసికొన్నచో బ్రౌజరు గడప కూడ తగ్గిపోవును.

అందుచేతనే బ్రిటను నియమములు మార్గమును గాక ఆటనే అదుపు చేయుచున్నవి. 2020 ఏప్రిలు 14 నుండి క్రెడిట్ కార్డుతో జూదమాడుట నిషేధము. 2025 ఏప్రిలు 9 నుండి ఆన్‌లైను స్లాటు త్రిప్పునకు 5 పౌనులు మించరాదు. ఆ సంవత్సరము మే 21 నుండి 18-24 ఏండ్లవారికి 2 పౌనులు మించరాదు. ఆడుట మానదలచినవాడు గ్యామ్‌స్టాప్ అను ఏర్పాటులో తన పేరు నమోదు చేసికొన్నచో, లైసెన్సు గల ఆన్‌లైను సంస్థల సైటులును, యాపులును రెండును అతనికి మూసికొనును.

మన దేశములో

తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ జూద చట్టములను సవరించి డబ్బు పెట్టి ఆడెడు ఆన్‌లైను ఆటలను నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికిని ఇట్టి చట్టము చేసినది. అధికారపు అంగడిలో గాక, సందేశము ద్వారా వచ్చిన ఫైలు నుండి యాపును స్థాపించుట మఱియొక అపాయము. అడిగిన అనుమతులన్నియు ఇచ్చినచో, అట్టి యాపు బ్యాంకు పంపు రహస్యసంఖ్యలను సైతము చదువగలుగును.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ లెక్కను చింతగింజలతో చూపవచ్చును. 0 నుండి 36 వరకు అంకెలు వ్రాసిన 37 చీటీలను ఒక కుండలో వేయవలెను. 37 మంది విద్యార్థులకు తలకు 10 గింజలిచ్చి, ఒక్కొక్కరు వేఱొక అంకెను ఎన్నుకొనునట్లు చేయవలెను. ప్రతిసారి అందఱును ఒక్కొక్క గింజ ఇత్తురు. ఒక చీటీ తీసి, ఆ అంకెవానికి 36 గింజలిచ్చి, చీటీని మరల కుండలో వేయవలెను. ఏ చీటీ వచ్చినను యజమానికి ఒక గింజ మిగులును. పదిసార్లు తీయుసరికి యజమానివద్ద 10 గింజలుండును. కనీసము 27 మంది చేతులు ఖాళీ యగును. చీటీలు ఎంత త్వరగా తీసిన, ఆ చేతులు అంత త్వరగా ఖాళీ యగును.